నాగేశ్వర నడక మొక్కు

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నాగేశ్వర విషయంలో ఆ సామెత తిరగబడింది. కువైట్‌లో డ్రైవరు సీటులో కూర్చుని తిన్నకొద్దీ అతని ఒళ్లో ఒక కొండ పెరిగింది. రుమైథియాలో అతను పనిచేసే ఇంటివాళ్ల బండి సీటును ఏడాదికో గాడి చొప్పున వెనక్కి జరుపుకుంటూ వచ్చాడు. 2007 ఎండాకాలానికి సంగతి ఎక్కడికొచ్చిందంటే, పొట్ట స్టీరింగుకు తగలకుండా కూర్చుంటే కాలు బ్రేకుకు అందదు, బ్రేకు అందేలా కూర్చుంటే పొట్ట హారన్ కొడుతుంది. ఒకరోజు సిగ్నల్ దగ్గర అలాగే హారన్ మోగితే ముందు బండిలోంచి పోలీసు దిగి వచ్చాడు. వెనక సీటులో ఉన్న ఇంటావిడ, అంటే మామా, ఎందుకు కొట్టావని కసిరింది. నేను కొట్టలేదు మామా, ఇది కొట్టిందని నాగేశ్వర పొట్ట చూపించాడు. పోలీసు నవ్వి వదిలేశాడు.

ఈ కథను తోటి డ్రైవర్లకు అతనే చెప్పి నవ్వించేవాడు. ఎదుటివాడు నవ్వేలోపు మనమే నవ్వేసుకుంటే దెబ్బ తక్కువ తగులుతుందని అతని సిద్ధాంతం. రాజంపేట దగ్గర పల్లెలో మేకల వెంట గుట్టలెక్కి పెరిగిన మనిషి ఇప్పుడు పక్క వీధిలోని కొట్టుకు కూడా బండిలోనే పోతాడు. కువైట్‌లో నడిచేవాడంటే బండి చెడిపోయినవాడో, పని పోయినవాడో అయి ఉంటాడని అందరిలాగే అతనూ అనుకునేవాడు.

అలాంటివాడి నెత్తిన ఒక నడక మొక్కు ఉంది. అదీ తను మొక్కుకున్నది కాదు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నాగేశ్వరకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఊళ్లో ఉన్న పెళ్లాం కళావతికి రేడియో వార్తలు తప్ప వేరే కబురు లేదు. ఆ వార్తల్లో మొగుడి పేరు రాదు కదా. వారాలు గడిచినా అతని జాడ తెలియకపోయేసరికి ఆమె తిరుమల కొండలున్న దిక్కుకు తిరిగి దండం పెట్టుకుంది. మొగుడు ప్రాణాలతో ఇల్లు చేరితే ఇద్దరం కలిసి అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతామని మొక్కింది. ఆ మొక్కు తీరేదాకా వేరే ఏ దారిలోనూ కొండెక్కనని దానికి ఇంకో ముడి వేసింది. ముడి వేయకపోతే ఈ మనిషి వాయిదాలు వేస్తాడని ఏడాది కూడా నిండని కాపురంలోనే ఆమెకు తెలిసిపోయింది.

నాగేశ్వర బస్రా, బాగ్దాద్, అమ్మాన్ తిరిగి బొంబాయిలో విమానం దిగి, ఎముకల గూడై ఇల్లు చేరాడు. నిజానికి కొండెక్కదగ్గ ఒళ్లు అతనికి ఉన్నది అప్పుడొక్కసారే. అప్పుడు జ్వరం. జ్వరం తగ్గేసరికి వానలు. వానలు వెలిసేసరికి కువైట్ మళ్లీ తెరుచుకుందని కబురొస్తే మూట కట్టుకుని వెనక్కి వచ్చేశాడు. ఆ తర్వాత సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి. ఒకసారి ఎండ, ఒకసారి జనం, ఒకసారి బావమరిది పెళ్లి, ఒకసారి కాలు బెణికిందని ఏ కాలో సరిగా చెప్పలేకపోయాడు. దేవుడు ఎక్కడికి పోతాడు, వచ్చే సెలవుకు చూద్దాంలే అనేవాడు.

దేవుడు ఎక్కడికీ పోలేదు. పోలేకపోయింది కళావతి. వాళ్ల ఊరినుంచి తిరుపతి ఎంతో దూరం లేదు. చుట్టాలు ఏడాదికోసారి నడిచి కొండెక్కి వచ్చేవాళ్లు. వాళ్లతో అలిపిరి దాకా పోయి, మెట్ల కింద చెట్టునీడలో వాళ్ల చెప్పులకూ సంచులకూ కాపలా కూర్చునేది. సొంత కూతురికి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు కూడా బిడ్డను అవ్వ చంకనెత్తుకుని పైకి పోతే, తల్లి కింద చెప్పుల ముందు కూర్చుంది. గుండుతో దిగివచ్చిన బిడ్డను చూసి నవ్వి, తర్వాత పక్కకు తిరిగి ఏడ్చిందని నాగేశ్వరకు చుట్టాలెవరో ఫోనులో చెప్పారు. ఆ మాట విన్నప్పుడు అతనికి చాలా బాధ కలిగింది. ఆ బాధలో ఆ రాత్రి మామూలుకంటే ఎక్కువ అన్నం తిన్నాడు.

తర్వాత బిడ్డను అవ్వ దగ్గర వదిలి కళావతి కూడా కువైట్ వచ్చింది. ముబారక్ అల్ కబీర్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో పని. ఇద్దరూ ఒకే దేశంలో ఉన్నా కలిసేది శుక్రవారం పూట, అదీ ఆమె మామా వదిలితే. ఇద్దరికీ ఒకేసారి సెలవు ఏనాడూ దొరకలేదు కాబట్టి నాగేశ్వరకు సాకులు వెతుక్కునే శ్రమ కూడా తప్పింది. 2007 సెప్టెంబరులో ఒక శుక్రవారం అక్కడి పార్కులో బెంచీ మీద కూర్చుని ఉండగా ఆమె కబురు చెప్పింది. వచ్చే ఏడాది బడులు మూసేశాక రెండిళ్లవాళ్లూ విదేశాలకు పోతున్నారు, ఇద్దరికీ సెలవు ఖాయం. నాగేశ్వర సంతోషించాలో భయపడాలో తేల్చుకునేలోపే ఆమె అసలు మాటకు వచ్చింది.

"ఈసారి ఎక్కకుంటే ఇంక ఎప్పటికీ ఎక్కలేం. నువ్వు నడిసేది మొదులుపెట్టు" అంది.

నాగేశ్వర తల వంచి కిందికి చూసుకున్నాడు. పాదాలు కనిపించలేదు, మధ్యలో పొట్ట అడ్డమొచ్చింది. ఆమె దాని గురించే అంటోందనుకున్నాడు. పచ్చిక మీద కూర్చుందామంటే ఆమె ఎందుకు వద్దని బెంచీ మీదే కూర్చుందో, లేచేటప్పుడు చెయ్యి ఆనించి ఎందుకు లేచిందో అతను పట్టించుకోలేదు. తన పొట్ట ఎదురుగా ఉన్నప్పుడు వేరే ఎవరి ఒంటి సంగతీ అతనికి ఆనదు.

అలా నడక నేర్పే గురువు కావలసి వచ్చి పాల్‌రాజు దగ్గరికి పోయాడు. పాల్‌రాజుది కోనసీమ. సాల్మియాలో ఒక వ్యాయామశాలలో నేల తుడిచే పని. రోజూ తుడిచేది మిషన్ల కిందే కాబట్టి వాటి పేర్లన్నీ వచ్చు. కండలు పెంచే కోచ్ అరిచే మాటలన్నీ విని విని, సందు దొరికితే అరవడానికి సిద్ధంగా ఉన్నాడు. నాగేశ్వరను చుట్టూ తిరిగి చూసి, ముందు ఊపిరి పీల్చడం నేర్చుకోవాలన్నాడు. నలభై ఏడేళ్లుగా అదే పని చేస్తున్నానని నాగేశ్వర చెప్పుకున్నా వినలేదు. మొదట చదునుమీద నడక, అది అలవాటయ్యాక మెట్లు, ఆ తర్వాత బరువుతో మెట్లు అని వరస చెప్పాడు.

"నడుస్తా మాట్లాడగలగాలండి. పాటందుకోగలిగితే మీరు బద్ధకంగా నడుస్తున్నట్టు. మాటే రాకపోతే ప్రాణం మీదకి తెచ్చుకుంటున్నట్టు. మధ్యలో ఉండాలండి ఆయ్" అన్నాడు.

మాట్లాడాలంటే పక్కన మనిషి ఉండాలి. పొద్దు గూకే వేళ రుమైథియా వీధుల్లో నాగేశ్వర పక్కన నడిచేవాడెవడూ లేడు. అందుకని తనతో తనే మాట్లాడుకుంటూ నడిచాడు. చెమటతో తడిసి ముద్దయి, ఒంటరిగా, పైకి వినిపించేలా తెలుగులో తన్ను తాను తిట్టుకుంటూ పోతున్న లావుపాటి మనిషిని చూసి ఎదురింటి ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు.

ముహూర్తం కూడా గొప్పదే చూసుకున్నాడు. అది రంజాన్ నెల. ఉపవాసం విడిచే ముందు వీధులు ఖాళీగా ఉంటాయని ఆ వేళ ఎంచుకున్నాడు. వీధులు ఖాళీగానే ఉన్నాయి కానీ పోయే ఒక్కో బండీ అతని పక్కన ఆగేది. ఇంటికి పరుగున పోతున్న కువైటీలు అద్దం దించి, బండి చెడిపోయిందా, ఎక్కడికి పోవాలి, ఎక్కు అనేవాళ్లు. రియాదా, వ్యాయామం అని చెబితే పొట్ట వైపు చూసి నమ్మేవాళ్లు కాదు. మిస్కీన్, పాపం బీదవాడు మొహమాటపడుతున్నాడని ఖర్జూరాలూ మజ్జిగ సీసాలూ చేతిలో పెట్టి పోయేవాళ్లు. మసీదు మూల తిరిగితే అక్కడ కుర్రాళ్లు ఇఫ్తార్ డబ్బాలు పంచుతూ ఉండేవాళ్లు. కోడి, అన్నం, పైన వేయించిన ఉల్లిపాయ, కిస్‌మిస్. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగిన నోరు వద్దనలేకపోయింది. పైగా నడిచి వచ్చిన ఆకలి. నడక ఎక్కడ మొదలైనా రోజూ ఆ మసీదు దగ్గరే ముగిసేది.

నెల తిరిగేసరికి ప్యాంటు గుండీ పట్టలేదు. పాల్‌రాజు వ్యాయామశాల తెరవకముందే అతన్ని లోపలికి తీసుకుపోయి తూకం మిషన్ ఎక్కించాడు. ముల్లు చూసి, మిషన్ చెడిపోయిందేమోనని నాగేశ్వరను దించి తనెక్కి చూసుకున్నాడు. మిషన్ బాగానే ఉంది. నడిచి బరువు పెరిగిన మనిషిని తన సర్వీసులో చూడలేదని ఒప్పుకున్నాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు చదునునేల మీదే ఇలాగైతే తిరుమల మెట్ల మీద నా గతేమిటని నాగేశ్వర దిగులుపడ్డాడు.

రంజాన్ పోయాక మెట్లకు మారాడు. మామా సాల్మియాలో బజారుకు పోతే మళ్లీ ఫోను చేసేదాకా డ్రైవర్లకు పని ఉండదు. తక్కినవాళ్లు ఏసీ వేసుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చుంటారు. నాగేశ్వర మాత్రం పార్కింగు భవనం మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మొదటి రోజు రెండో అంతస్తులోనే గోడకు చేరగిలబడ్డాడు. అక్కడి కాపలాదారు హారిస్ ఈజిప్టువాడు. ఏ బండి అద్దం పగలగొట్టడానికి వచ్చావని నిలదీసి, సంగతి విని, నువ్వు దొంగవైనా పట్టుకోవడానికి నేను పరిగెత్తక్కర్లేదులే అన్నాడు. ఆ మాటను కూడా నాగేశ్వర డ్రైవర్లందరికీ చెప్పి నవ్వించాడు. నవ్వుతున్నంతసేపూ లోపల మాత్రం కళావతి అన్న మాట తిరుగుతూనే ఉంది. ఈసారి కాకపోతే ఇంక ఎప్పటికీ లేదు.

ఒకరోజు అతను పై అంతస్తులో ఉండగా మామా ఫోను వచ్చింది. సంచులతో కింద నిలబడి ఉంది, యల్లా యల్లా, త్వరగా రా అంటోంది. పరుగున దిగి ఆమె ముందు నిలబడేసరికి నోట మాట రాలేదు. ముఖం ఎర్రబడి, చెయ్యి గుండె మీద ఉంది. మామా భయపడిపోయి సంచులు అక్కడే వదిలేసి, టాక్సీలో దగ్గర్లోని క్లినిక్కుకు తీసుకుపోయింది. డాక్టరు గుండెకు తీగలు తగిలించి, కాగితం చూసి, సూది గుచ్చి రక్తం తీసి, చివరికి గుండెకేం లేదు, ఒళ్లు తగ్గాలి, రోజూ నడవమని రాసిచ్చాడు.

దాంతో మామాకు నిజం చెప్పక తప్పలేదు. మొక్కు అన్న మాటకు అరబ్బీలో ఏం చెప్పాలో తెలియక, దేవుడికి మాటిచ్చాం, తీర్చలేదు అని చెప్పాడు. వాళ్లలోనూ ఆ ఆచారం ఉంది. ఎన్నాళ్లయిందని అడిగింది. పదిహేడేళ్లన్నాడు. మామా బుగ్గ మీద చెయ్యి వేసుకుని అస్తగ్‌ఫిరుల్లా, దేవుడా క్షమించు అనుకుంది. ఇంటి అద్దె బాకీ ఉన్నవాణ్ని చూసినట్టు చూసింది. నువ్వు మాటిచ్చింది ఎవరికో నాకనవసరం, ఇచ్చిన మాట పదిహేడేళ్లు కూర్చోబెడతావా, అదీ నీ ప్రాణం కోసం ఆడమనిషి ఇచ్చిన మాట అని గట్టిగానే చీవాట్లు పెట్టింది.

ఆ రోజు నుంచి నాగేశ్వర బతుకు మారిపోయింది. రాత్రిపూట గదికి వచ్చే మచ్‌బూస్ పళ్లెం ఆగిపోయింది. మాంసం వాసన తగిలే అన్నం స్థానంలో దోసకాయ ముక్కలూ ఆకులూ వచ్చాయి. మేకల వెంట తిరిగినవాణ్ని మేకను చేశారని వాపోయాడు. బరువుతో మెట్లెక్కాలని పాల్‌రాజు చెప్పినందుకు, గేటు దగ్గర దించిపోయే పెద్ద నీళ్ల డబ్బాలను ఒకటొకటిగా పై అంతస్తుకు మోసి చూపించాడు. మూడు రోజుల ముచ్చటగా మొదలుపెట్టిన ఆ మోత నాలుగో రోజుకు అతని ఉద్యోగమైంది. నీళ్లు, బియ్యం బస్తాలు, చుట్టిన తివాచీలు, ఏది పైకి పోవాలన్నా నాగేశ్వర. నడుము వంచొద్దు, మోకాళ్లు వంచి లేపాలని పాల్‌రాజు ఫోనులో జాగ్రత్తలు చెప్పేవాడు. చలికాలం సగమయ్యేసరికి ఒక పొద్దున బండి ఎక్కి కూర్చుంటే పెడలు మరీ దూరంగా తగిలింది. ఎవరో సీటు జరిపారనుకున్నాడు. ఎవరూ జరపలేదు. సీటును ఒక గాడి ముందుకు లాక్కుని, బండి ఆపి ఉండగానే ఒకసారి హారన్ కొట్టాడు. ఈసారి చేత్తోనే.

ఫిబ్రవరి చివర ఎడారిలో వానలకు కాస్త పచ్చదనం లేచి, ఇంటివాళ్లు ముత్లా గుట్టల కింద గుడారాలు వేసుకున్నారు. ఆ శుక్రవారం వంటకు సాయం కావాలని మామా తనే కళావతి ఇంటివాళ్లతో మాట్లాడి ఆమెను రప్పించింది. మధ్యాహ్నం భోజనాలై అందరూ గుడారాల్లో నడుం వాల్చాక, నాగేశ్వరకు తన ప్రతాపం చూపించాలని బుద్ధి పుట్టింది. కువైట్ మొత్తానికి కొండ అని చెప్పుకోదగ్గది ఆ ముత్లా ఒక్కటే. దాన్ని మన ఊళ్లో పెడితే మేకలు కూడా సిగ్గుపడతాయని ఎగతాళి చేసి, పా ఎక్కుదాం అన్నాడు. కళావతి ఒక్క క్షణం ఆ గుట్ట పైకి చూసింది. కొంగు నడుముకు దోపుకుని బయల్దేరింది.

దూరపు కొండలు నునుపని ఊరికే అనలేదు. దగ్గరికి పోతే ఆ గుట్ట అంతా గులకరాళ్లు. అడుగు వేస్తే సగం అడుగు వెనక్కి జారుతుంది. నాగేశ్వర కాళ్లకు కొత్త బూట్లు, కళావతి కాళ్లకు రబ్బరు చెప్పులు. అయినా ఆమే ముందు పోయింది. తొందర లేదు, ఆగడమూ లేదు, మూడంతస్తుల ఇంట్లో బట్టల బుట్టతో మెట్లెక్కే నడకే అది. నాగేశ్వర వెనకనుంచి పాల్‌రాజు చెప్పిన ఊపిరి పాఠాలు ఆమెకు వినిపించబోయాడు కానీ పాఠానికే ఊపిరి చాల్లేదు. ఆమె పైకి చేరి నిలబడిన చాలాసేపటికి చేతులూ కాళ్లూ ఉపయోగించి చేరుకున్నాడు.

పైన గాలి బాగా వీస్తోంది. ఒక పక్క సముద్రం, దాని అంచున జహ్రా ఇళ్లు, ఇంకో పక్క ఉత్తరంగా ఇరాక్ వైపు పోయే రోడ్డు. నాగేశ్వర ఊపిరి కుదుటపడ్డాక దాన్ని చూశాడు. ఇన్నేళ్లలో ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు బండి తోలాడు. పైనుంచి చూడటం ఇదే మొదటిసారి.

"ఆ పొయ్యే రోడ్డు సూడు. ఆ పొద్దు మమ్మల్ని బస్సుల్లో ఎక్కిచ్చుకోని పోయింది దాని మీదనే" అన్నాడు.

కళావతి చాలాసేపు ఆ రోడ్డునే చూస్తూ నిలబడింది. అది ఎక్కడా వంపు లేకుండా ఎడారిలోకి పోయి, దుమ్ములో కలిసిపోతోంది. ఆ ఏడు రేడియో ముందు కూర్చుని ఆమె ఊహించుకున్న దారి అది.

"అంత దూరం నుంచి స్వామి నిన్ను నా కాడికి తెచ్చి ఇడిసినాడు. నువ్వు ఆయన కాడికి పోవాలంటే మెట్లెక్కువ అంటివి" అంది.

ఎప్పుడూ దెబ్బ తగిలేలోపే నవ్వేసే మనిషికి అప్పుడు నవ్వు రాలేదు. తన ప్రాణం కోసం ఒక మనిషి ఇన్నేళ్లు చెట్టుకింద చెప్పులకు కాపలా కూర్చుందని అతనికి ఎప్పుడూ తెలుసు. తెలిసినది ఆ గుట్టమీద మొదటిసారి గుండెకు తగిలింది. ఏడుపొచ్చింది. గాలికి కళ్లలో ఇసుక పడిందని తుడుచుకున్నాడు.

పొద్దు వాలుతోంది, దిగుదాం అన్నాడు. కళావతి రెండడుగులు కిందికి వేసి ఆగిపోయింది. మూడో అడుగుకు కాలు వణికి, పక్కనున్న రాయిని పట్టుకుని అలాగే కూలబడింది. జారావా అని నాగేశ్వర గబగబా వచ్చాడు. ఆమె రెండు చేతులతో మోకాలు గట్టిగా పట్టుకుని పళ్లు బిగించి ఉంది. అది జారిన మనిషి ముఖం కాదు.

"ఎన్నాళ్ల నుంచి ఇట్లుండాది?" అని అడిగాడు.

"రెండేండ్లాయ. ఎక్కేటప్పుడు ఎట్లనో ఎక్కతా. దిగేటప్పుడే మోకాళ్లు నిలబడవు. ఆ ఇంట్లో పొద్దన్నుంచి సందేళ దాకా అదే పని గదా, ఎక్కేది, దిగేది."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే ఏమంటావు? పాపం నీకు కాళ్లనొప్పులు గదా, బస్సులో పోదాం పా అంటావు."

నాగేశ్వర కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. కానీ అది నిజం. అంతకంటే సిగ్గుచేటు ఏమిటంటే, ఆ క్షణంలో కూడా, ఆమె మోకాళ్ల సంగతి విన్న వెంటనే అతని మనసులో మొదట మెదిలింది బస్సే. హమ్మయ్య, ఇంక నడవక్కర్లేదు అని లోపల ఎవడో ఒకడు లేచి నిలబడ్డాడు. వాణ్ని నాగేశ్వర బాగా ఎరుగును. ఇన్నేళ్లూ సెలవులకు ఊరొచ్చింది వాడే. ఈసారి కాకపోతే ఇంక ఎప్పటికీ ఎక్కలేం అని ఆమె చెప్పింది తన పొట్టను చూసి కాదని, తన మోకాళ్లను చూసుకుని అని ఇప్పటికి అర్థమైంది.

ఆమె ముందుకు పోయి వీపు చూపించి, మోకాళ్లు వంచి కూర్చున్నాడు. ఎక్కు అన్నాడు. ఎవరన్నా సూస్తారని కళావతి చెయ్యి తోసేసింది. చూసేవాళ్లు ఎవరూ లేరు, ఉన్నా నీళ్ల డబ్బా అనుకుంటారన్నాడు. ఆమెకు నొప్పిలోనూ నవ్వొచ్చింది. మెడ చుట్టూ చేతులు వేసి వీపు మీదికి ఒరిగింది. నాగేశ్వర నడుము వంచకుండా లేచాడు. గులకరాళ్ల మీద అడ్డంగా ఒక్కో అడుగు వేస్తూ, కాలు కుదిరాకే రెండో కాలు కదుపుతూ దిగసాగాడు. కొంత దూరం పోయాక అడగాల్సిన మాట అడిగాడు.

"ఐతే కొండ సంగతేం జేస్తావు?"

"ఎక్కతా."

"దిగేదెట్లమ్మీ?"

అతని చెవి పక్కనే ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"ఎక్కతామనే మొక్కినా. దిగతామని మొక్కల్యా. ఎక్కేది నడిసి ఎక్కుదాం, దిగేది బస్సులో దిగుదాం" అంది.

ఇన్నేళ్లుగా నాగేశ్వర నోటినుంచి వస్తే కాపురంలో గొడవై ఉండే ఆ బస్సు అన్న మాట ఆమె నోటినుంచి వచ్చింది. ఆ మొక్కులో ఎంత ఉందో అంతే ఉంచి, ఒక్క మెట్టు కూడా తగ్గించకుండా, తన మోకాళ్లకు సందు చూసుకుంది. నాగేశ్వర సరే అన్నాడు. నువ్వు ఎక్కేదాకా నేను ఎక్కడా కూలబడను, నీ మీద ఒట్టు అన్నాడు. నీ ఒట్లు సూసినాలే, ముందు కింద రాళ్లు సూసుకో అని ఆమె అంది. గుట్ట అడుగుకు వచ్చాక గానీ అతనికి తట్టలేదు, పెళ్లాన్ని మోస్తూ దారి పొడుగునా మాట్లాడుతూనే వచ్చాడని.

కింద పక్క గుడారంవాళ్లు ఇదంతా చూస్తూనే ఉన్నారు. ఒక పెద్దాయన మిస్కీన్ మిస్కీన్ అంటూ నీళ్ల సీసా, అన్నం డబ్బా పట్టుకుని ఎదురొచ్చాడు. నాగేశ్వర రెండు చేతులూ వెనక పెళ్లాం కాళ్లను పట్టుకుని ఉన్నాయి. కువైట్‌లో అతను అన్నం డబ్బా అందుకోకపోవడం అదే మొదలు. దాన్ని వీపు మీదున్న కళావతి అందుకుంది.

జూన్‌లో ఇద్దరూ కలిసి ఊరికి పోయారు, ఒక తెల్లవారుజామున అలిపిరి మెట్ల దగ్గర కొబ్బరికాయ కొట్టారు. నాగేశ్వర ప్రగల్భాలేవీ పలకలేదు. సంచులు రెండూ తనే మోశాడు. గాలిగోపురం చేరేలోపే పట్టుచీర కట్టిన ముసలావిడ ఒకామె గోవింద కొడుతూ అతన్ని దాటిపోయింది, తర్వాత ఆమె మనవరాలు, ఆ తర్వాత ఒక కుంటివాడు. పాల్‌రాజు వచ్చి చూస్తే గురువుగా పరువు పోయేది. కళావతి ముత్లా ఎక్కినట్టే ఎక్కింది. మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం ఆగి చెయ్యి చాచింది. నాగేశ్వర భుజం ఇచ్చాడు. అక్కణ్నుంచి పైదాకా ఇద్దరూ ఒకే మెట్టు మీద కాలు పెడుతూ పోయారు.

స్వామి ముందు ఆమెకు దొరికింది రెప్పపాటే. ఆ రెప్పపాటులో ఆమె కళ్లు మూసుకోలేదు. ఇన్నేళ్లూ మూసుకున్న కళ్లతోనే చూశాను, ఇంక మూసుకోవడమెందుకు అంది తర్వాత. లోపల కొత్త మొక్కేదైనా మొక్కి ఉంటే దాన్ని తన కాళ్ల మీద పెట్టొద్దని నాగేశ్వర బతిమాలుకున్నాడు.

దిగేటప్పుడు బస్సెక్కారు. తోలడానికి తప్ప బండిలో కూర్చోవడం అలవాటు లేని నాగేశ్వర ప్రతి మలుపులోనూ లేని బ్రేకును పాదంతో తొక్కుతూ కూర్చున్నాడు. కళావతి కిటికీ పక్కన, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కొండను చూస్తోంది. బస్సు అలిపిరి దాటుతుంటే ఆమె ఒక్కసారిగా ముందుకు వంగింది. మెట్ల కింద చెట్టునీడలో ఎవరో ఒకావిడ చెప్పుల వరసలూ సంచులూ ముందు పెట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉంది. ఆమె కనుమరుగయ్యేదాకా కళావతి తల తిప్పి చూసింది.

"పాపం, ఆయమ్మ మొగుడు ఇంకా నడిసేది మొదులుపెట్టినట్టు లేదు" అంది.